భయాల్లేని ఉత్తరం

తాళాల షాపు మీది గది
మార్చి

చిన్నదానికి, అక్క రాసేది.

ముందు నీ ఒళ్ళు ఎలా ఉందో చెప్పు. ఆపరేషను కోత పడిన చోట వాన వచ్చే ముందు లాగుతోందన్నావు, ఇప్పుడూ లాగుతోందా? తల దువ్వుకోవడానికి చెయ్యి పూర్తిగా లేస్తోందా? తరవాత మా మరిది మోకాలు. జీవితమంతా లిఫ్టులు బాగుచేసిన మనిషి మెట్లెక్కి మోకాలు పోగొట్టుకున్నాడంటే మొదట నవ్వొస్తుంది, నవ్వాక భయమేస్తుంది. ఆయన దగ్గు తగ్గిందా? మీ పై వాటా ముసలాయన ఎలా ఉన్నాడు? ఆయన నాకేమీ కాడు, అయినా అడుగుతున్నా. పోయిన ఉత్తరంలో ఆయన మెట్ల మీద పడ్డాడని రాశావు, లేచాడో లేదో రాయలేదు. అప్పట్నుంచీ నా మనసులో ఆ మనిషి మెట్ల మీదే పడి ఉన్నాడు.

ఇక్కడి సంగతులు. నా కొడుకు కింద షాపులో తాళంచెవులు అరగదీస్తూనే ఉన్నాడు. ఆ మిషను కీచుమన్నప్పుడల్లా ఇత్తడి పొడి లేస్తుంది, అదంతా వాడి ఊపిరితిత్తుల్లోకే పోతుందని నా బాధ. మూతికి గుడ్డ కట్టుకోరా అంటే, "గుడ్డ కట్టుకుని తాళాలు తీస్తే పోలీసులొస్తారమ్మా" అంటాడు. కోడలు బస్సు స్టాండులో టిక్కెట్ల కిటికీ దగ్గర కూచుని కూచుని కాళ్ళు బూరెల్లా వాచి వస్తోంది. పిల్లదానికి ముందు పన్ను కదులుతోంది, నిద్రలో మింగేస్తుందేమో అని నాకు నిద్ర లేదు. గ్యాసు నాబ్ కట్టానా లేదా అని మళ్ళీ మళ్ళీ చూసుకుంటూ ఉంటే కోడలు ఏమందో తెలుసా? "అత్తయ్యా, మీరు తిప్పి తిప్పే అది అరిగిపోతుంది, అప్పుడు నిజంగానే లీకవుతుంది" అంది. ఆ మాటన్నప్పట్నుంచీ అరిగిందేమో అన్న భయం కొత్తగా పట్టుకుంది.

నాకు బీపీ ఉంది, కర్టెన్ల కుట్టుపని ఉంది. షాపువాళ్ళు ఈసారి బరువు గుడ్డ పంపారు. అది ఎత్తి దించీ ఎత్తి దించీ కుడి భుజం పట్టేసింది.

ఒక్క మాట అడుగుతాను, కోప్పడకు. ఆ ఎలుకల గదిలో పని మానెయ్యకూడదూ? ఆ ఎలుకలకి నీకొచ్చిన రోగమే పెట్టి చూస్తారట కదా. నీకది వచ్చి, కోయించుకుని, దాని పీడ వదిలి మూడేళ్ళయింది. రోజూ పొద్దున్నే వెళ్ళి దాని మొహం చూసే ఖర్మ నీకేంటే? దాన్ని తలుచుకుంటేనే వస్తుందని కొందరంటారు. ఫోను చేసి అడుగుదామనుకున్నా గానీ, ఫోనులో నాకు సగం వినపడదు, నేననేది ఇంటిల్లిపాదికీ వినపడుతుంది.

వెంటనే జవాబు రాయి. ఆలస్యమైతే నేనేం అనుకుంటానో నీకు తెలుసు.

నీ అక్క

❖

ఎలుకల గది పక్కన, టీ బల్ల
మార్చి చివర

అక్కా,

పై వాటా ముసలాయన లేచాడు. లేవడమేంటి, నిన్న నీళ్ళ మోటారు గురించి నాతో పోట్లాడాడు కూడా. ఇక ఆయన్ని నీ మనసులోని మెట్ల మీంచి లేపి ఇంటికి పంపించెయ్. మీ మరిది మోకాలు అలాగే ఉంది, నోరు మాత్రం బాగా పనిచేస్తోంది. నా చెయ్యి లేస్తోంది. తల దువ్వుకుంటున్నాను, దువ్వుకోవడానికి జుట్టు కూడా మళ్ళీ వచ్చింది.

నా పని గురించి నువ్వు ఊహించుకునేది అసలు పనికంటే భయంకరంగా ఉంటుంది కాబట్టి ఉన్నదున్నట్టు చెప్తా విను. కిటికీల్లేని గది. టోపీ, గౌను, మాస్కు వేసుకుని వెళ్ళాలి. గోడల పొడుగునా అరలు, అరల నిండా అద్దంలా కనపడే డబ్బాలు, డబ్బాకి నాలుగేసి తెల్ల ఎలుకలు. నేను వాటి కింద పొట్టు మారుస్తాను, నీళ్ళ సీసా నింపుతాను, ఎవరు తిన్నారో ఎవరు తినలేదో చూస్తాను. అత్తారింట్లో చేసిన చాకిరీయే, కాకపోతే ఇక్కడ జీతమిస్తారు.

మా డాక్టరమ్మ కొత్త పరీక్ష మొదలెట్టింది. అన్ని ఎలుకలకీ ఒకే రకం కేన్సరు కణాలు ఎక్కిస్తారు. సగాన్ని మామూలుగా డబ్బాల్లో ఉంచుతారు. మిగతా సగాన్ని రోజూ పొద్దున ఒక్కొక్కదాన్నీ చిల్లులున్న సన్నటి ప్లాస్టిక్ గొట్టంలోకి పంపి మూత పెడతారు. కొట్టరు, గుచ్చరు, ఆకలికి మాడ్చరు. ఊపిరి ఆడుతుంది. కానీ వెనక్కి తిరగలేదు. మధ్యాహ్నానికి తీసి మళ్ళీ డబ్బాలో వదులుతారు, అంతే. కొన్ని వారాలు పోయాక చూస్తే, ఆ గొట్టంలో ఉన్నవాటికి గడ్డ పెద్దదవుతోంది, ఊపిరితిత్తుల దాకా పాకుతోంది కూడా. మామూలువాటికి అంత లేదు. ఎప్పుడూ బెదురుతూ ఉంటే ఒంట్లో ఊరే రసాలేవో దానికి ఎరువవుతాయని వాళ్ళ అనుమానం. గొట్టంలోవాటిలోనే కొన్నిటికి ఒక మందు కూడా ఇచ్చారు, వాటికి పాకడం తగ్గింది. ఆ మందు పేరు చూశాను. నువ్వు రోజూ మింగే బీపీ మాత్రకి చుట్టమేనట!

గొట్టాల వరసలో ఒక ఎలుకుంది. డబ్బాలో వదలగానే నాలుగు మూలలూ వాసన చూసి, మళ్ళీ మొదటి మూలకి వెళ్ళి చూసొస్తుంది. అచ్చం నువ్వు గ్యాసు నాబ్ చూసినట్టే. దానికి "అక్క" అని పేరు పెట్టాను. డాక్టరమ్మకి చెప్పకు.

పిల్లదాని పన్ను నిద్రలో మింగదు, మింగినా ఏమీ కాదు. నాబ్ అరగదు. ఇత్తడి పొడికి మాస్కు నేను పంపుతాను. అమ్మా తల్లీ, నీ ఉత్తరం మొదట్నుంచి చివరిదాకా చదివితే నన్నే గొట్టంలో దూర్చి మూత పెట్టినట్టుంటుందే!

నీ చిన్నది

❖

తాళాల షాపు మీది గది
ఏప్రిల్

చిన్నదానికి,

నీ ఉత్తరం అందింది. మాస్కు అందింది.

ఇక్కడ అందరూ బాగున్నారు. కొడుకు బాగున్నాడు. కోడలు బాగుంది. పిల్లదాని పన్ను ఊడింది, అదీ బాగుంది. గ్యాసు బాగుంది. నేను బాగున్నాను. ఎండలు కూడా ఈసారి అంత లేవు.

నువ్వు హాయిగా ఉండు. నవ్వుతూ ఉండు. మరిదిని నీ మీద కేకలేయొద్దన్నానని చెప్పు. పై వాటా ముసలాయనతో నీళ్ళ గురించి పోట్లాడకు, ఆయన నీళ్ళన్నీ ఆయన్నే తీసుకోనీ.

ఊరికే ఒకటి అడుగుతున్నా. గొట్టంలోంచి తీసేసి ఇక ఎప్పుడూ పెట్టకుండా ఉంటే ఆ ఎలుకకి గడ్డ ఆగిపోతుందా? లేకపోతే ఒకసారి మొదలైంది మొదలైనట్టేనా? ఒకసారి కోసి తీసేశాక, మిగిలిన చిన్న ముక్క ఏదన్నా ఒంట్లో నిద్రపోతూ ఉంటే, బెదిరితే అది లేస్తుందా? మీ డాక్టరమ్మని అడిగి రాయి. తొందరేం లేదు.

ఇంకేమీ విశేషాల్లేవు.

అక్క

❖

ఇల్లు, వంటగది
మే

అక్కా,

నీ ఉత్తరం వస్తే మీ మరిది కవరు తిరగేసి బోర్లేసి దులిపారు, మిగతా కాగితాలు ఎక్కడన్నా రాలాయేమో అని. "మా వదినకి ఎవరో మంచి డాక్టరు దొరికాడు" అన్నారు. నేనూ సంతోషించాను. ఇన్నేళ్ళకి నువ్వు నవ్వుతూ ఉండమని రాశావు! ఎప్పుడూ జాగ్రత్తగా ఉండమని తప్ప ఇంకో మాట రాసి ఎరగవు.

డాక్టరమ్మని అడిగాను. ఆవిడ ఏదీ గట్టిగా చెప్పదు, "కావచ్చు" అంటుంది. నిద్రపోతున్న కణాలు ఒత్తిడికి లేవొచ్చని కొందరు ఎలుకల్లో చూశారట. మనుషుల్లో ఇంకా తేలలేదట. "ఎవరు అడగమన్నారు?" అంది. మా అక్క అన్నాను. "మీ అక్క మంచి ప్రశ్నలు వేస్తుంది, ఎందుకు వేస్తోందో కనుక్కో" అంది. నేను నవ్వాను. ఇంటికి వచ్చాక ఆ నవ్వు ఎందుకో నిలవలేదు.

"అక్క" ఎలుక ఇప్పుడు మూలలు చూడటం మానేసింది. మొదట్లో గొట్టంలోకి పోనని తోక బిగబట్టి గింజుకునేది. ఇప్పుడు గొట్టం దగ్గర పెట్టగానే తనంతట తనే వెళ్ళి పడుకుంటుంది. చూసేవాళ్ళకి, అలవాటు పడింది పాపం, నెమ్మదించింది అనిపిస్తుంది. తూకంలో మాత్రం తగ్గుతోంది.

నాకు ఏటా చేసే చెకప్‌కి ఈసారి కొంచెం ముందుగా రమ్మన్నారు. మామూలే.

నీ భయాలు కూడా రెండు రాయి. రుచి లేని కూరలా ఉంది ఉత్తరం.

చిన్నది

❖

తాళాల షాపు మీది గది
జూన్

చిన్నదానికి,

అందరం క్షేమం. వానలు బాగా పడుతున్నాయి. కొడుకు షాపుకి కొత్త బోర్డు పెట్టాడు. చాలా బాగుంది.

చెకప్‌కి ముందుగా ఎందుకు రమ్మన్నారు? ఊరికే అడుగుతున్నా, నాకేం భయం లేదు, నువ్వు అస్సలు ఆలోచించకు.

దీంతో చిన్న గుడ్డ సంచి కుట్టి పంపుతున్నా, విప్పి చూడు. అందులో బీపీ మాత్రలున్నాయి. ఎలుకలకి పాకడం ఆగింది అన్నావే, ఆ చుట్టం మాత్ర. నాకిక్కడ బోలెడున్నాయి, మిగిలిపోతున్నాయి. పొద్దున తిన్నాక ఒకటి మింగు. డాక్టర్లకి చెప్పక్కర్లేదు, వాళ్ళు ప్రతిదానికీ కావచ్చు కావచ్చు అంటారు. నువ్వు మింగితే నాకు నిశ్చింత.

అక్షరాలు వంకరగా ఉంటే ఏమీ అనుకోకు, పిల్లది బల్ల కదుపుతోంది. కుట్టుపని కొన్నాళ్ళు వద్దన్నాను, ఈ వయసులో ఎందుకని. హాయిగా కూచుంటున్నాను. పిండి కూడా కోడలే కలుపుతోంది. నాకు రాజభోగం.

నవ్వుతూ ఉండు.

అక్క

❖

ఇల్లు, వంటగది
జూన్ ఆఖరు

అక్కా,

సంచి విప్పాను. నీ కుట్టు నాకు కళ్ళు మూసుకున్నా తెలుస్తుంది. చీమ నడిచినంత సన్నగా ఉంటుంది, లోపలి వైపు కూడా ముడి కనపడనివ్వవు. ఈ సంచి కుట్టు పిచ్చిగీతల్లా ఉంది. ఎడం చేత్తో కుట్టావా? ఉత్తరం కూడా ఎడం చేత్తోనే రాశావా? పిల్లది బల్ల కదిపితే ఒక గీత వంకరపోతుంది గానీ ప్రతి అక్షరమూ వెల్లకిలా పడదు.

మాత్రలు నేను మింగలేదు, మింగను. నాకు బీపీ తక్కువ, అది వేసుకుంటే కళ్ళు తిరిగి మీ మరిది మీద పడతాను, ఆయనకి ఉన్న మోకాలు కూడా పోతుంది. ఎలుకలకి ఇచ్చింది ఎలుకల తూకానికి. అది వదిలెయ్. నీకు మిగిలిపోవడం ఏమిటి? లెక్క ప్రకారం తెచ్చుకునే మాత్రలు ఎలా మిగులుతాయే? నాకు పంపడానికి నువ్వు మానేస్తున్నావు. నేను ఊహించింది తప్పయితే తిట్టు. తిట్లు కూడా రాయట్లేదు నువ్వు.

నీ కొడుక్కి ఫోను చేశాను. "అమ్మ బ్రహ్మాండంగా ఉంది పిన్నీ, ఇదివరకులా సతాయించడం లేదు, గ్యాసు కూడా చూడట్లేదు, ఒక మూల కూచుని ఉంటోంది" అన్నాడు, సంతోషంగా. ఆ మాట వినగానే ఫోను పెట్టేశాను. నేను రోజూ చూస్తూనే ఉన్నాను కదా, మూలలు చూడటం మానేసి, తనంతట తనే గొట్టంలోకి వెళ్ళి పడుకునే ఎలుకని.

అక్కా, నీ ఉత్తరాల్లో ఒక్క భయం కూడా లేదు. అందుకే నాకు భయం వేస్తోంది. పక్కింటి కుక్కకి జలుబు చేస్తే రెండు పేజీలు రాసిన మనిషివి. మార్చిలో భుజం పట్టేసిందని రాశావు. ఆ తరవాత దాని మాటే లేదు. పై వాటా ముసలాయన్ని మెట్ల మీద పడేసి ఊరుకున్నానని నన్నన్నావే, నీ భుజం నా మనసులో మార్చి నుంచీ పట్టేసే ఉంది.

నేను ఆ రోగంతో కాపురం చేసి వచ్చినదాన్ని. నాకు అబద్ధం చెప్పకు. ఎక్కడ ఉంది? ఎంత ఉంది? ఎప్పట్నుంచి?

చిన్నది

❖

గది, తలుపు వేసుకుని
జూలై

నా తల్లికి,

ఎడం చేత్తోనే రాస్తున్నా. నిదానంగా చదువుకో.

సూటిగా చెప్పేస్తాను. కుడి రొమ్ము పక్కన, చంక వైపు. భుజం పట్టేసిందని కొబ్బరినూనె రుద్దుకుంటుంటే తగిలింది. మార్చిలో నీకు ఉత్తరం పోస్టు చేసిన మర్నాడే. అప్పుడు చొక్కా గుండీ అంత. ఇప్పుడు కోటు గుండీ కంటే పెద్దది. నొప్పి లేదు, అదే నాకు నచ్చలేదు. పైన చర్మం కుట్టు లాగేసిన గుడ్డలా లోపలికి పోయింది. చంకలో ఇంకోటి ఉంది. చెయ్యి బరువు, గ్లాసు ఎత్తితే వణుకు.

వెంటనే నీకు రాద్దామని కూచున్నాను. కూచున్న రోజే నీ ఉత్తరం వచ్చింది. గొట్టంలో ఎలుకలు, బెదిరితే గడ్డ పెరగడం, ఊపిరితిత్తులకి పాకడం. చివరన నా ఉత్తరం చదివితే నిన్నే గొట్టంలో దూర్చి మూత పెట్టినట్టుంటుందని రాశావు. ఆ ముక్క మళ్ళీ మళ్ళీ చదివాను. నీకు పెళ్ళై వెళ్ళినప్పట్నుంచీ రాస్తూనే ఉన్నాను కదే. ఏది జరిగినా రాశాను, జరగనివి కూడా రాశాను. నీకు రోగం వచ్చింది. ఎందుకొచ్చిందో నీ ఎలుకల ఉత్తరం చదివేదాకా నాకు తెలీలేదు. దాన్ని బెంగలతో పెంచింది నేనే అనుకున్నాను. కుదిరితే చేత్తో తీసి నా ఒంట్లో పెట్టుకునేదాన్ని అని ఆపరేషను రోజు అనుకున్నాను, దేవుడు ఆ మాట విన్నాడేమో అని కూడా అనుకున్నాను.

ఇప్పుడు నాకు గడ్డ అని రాస్తే నువ్వు బెదురుతావు. బెదిరితే నీలో నిద్రపోతున్నది లేస్తుంది. నాదెలాగూ ముసలి ఒళ్ళు. అందుకే నోరు కట్టేసుకున్నాను. కొడుక్కి చెబితే వాడు నీకు ఫోను చేస్తాడు, కోడలికి చెబితే కొడుక్కి చెబుతుంది. డాక్టరు దగ్గరికి వెళితే తోడు ఎవరో ఒకరు రావాలి. కాబట్టి వెళ్ళలేదు. రోజూ నవ్వుతూ కూచున్నాను. భయం బయటికి పోకుండా పళ్ళు బిగబట్టి కూచుంటే ఎలా ఉంటుందో తెలుసా? ఊపిరాడుతుంది. వెనక్కి తిరగడానికే లేదు.

మాత్రలు సగం నీకు పంపాను, నిజమే. రెండుసార్లు కళ్ళు తిరిగాయి. ఒకసారి పొయ్యి దగ్గర.

ఇదంతా రాసి చింపేద్దామనుకున్నాను. ఇప్పుడు పోస్టు చేస్తున్నాను, పోస్టు చేశాక నాకు ఏమవుతుందో తెలీదు. నువ్వు చదివి బెదిరిపోతే, నీకు తిరగబెడితే, ఆ పాపం నాదే. చదివేటప్పుడు పక్కన మరిదిని కూచోబెట్టుకో. మంచినీళ్ళు పెట్టుకో. కుర్చీలో కూచో, స్టూలు మీద కాదు, స్టూలు కాలు ఊగుతుందని నువ్వే అన్నావు. చెకప్‌లో ఏమన్నారే? ముందుగా ఎందుకు రమ్మన్నారే? గాభరా పడకుండా చెప్పు.

అక్క

❖

ఎలుకల గది పక్కన, టీ బల్ల
జూలై

అక్కా,

కుర్చీలోనే కూచుని చదివాను. పక్కన మీ మరిది ఉన్నారు. మంచినీళ్ళు ఆయన తాగారు.

నీ కొడుక్కి ఫోను చేసి అంతా చెప్పేశాను. తిట్టుకో. ఈ ఉత్తరం నీకు అందేసరికి వాడు నిన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి ఉంటాడు. తీసుకెళ్ళకపోతే వాడి షాపుకి వాడి తాళమే వేస్తానని చెప్పాను.

ఇప్పుడు విను. గొట్టం మాట నేను సరదాకి రాశాను. నీ ఉత్తరంతో నేను గొట్టంలో పడటం కాదు, నేను ఆస్పత్రిలో పడి ఉన్నప్పుడు నీ గ్యాసు నాబ్ ఉత్తరం చదివి వినిపిస్తే పక్క మంచం ఆవిడ కుట్లు పట్టుకుని నవ్వింది. "మీ అక్క ఇంకో ఉత్తరం ఎప్పుడు రాస్తుంది" అని నర్సులడిగేవాళ్ళు. నీ భయాలు వింటూ పెరిగినదాన్ని నేను. నాకవి వాన చప్పుడు లాంటివి, ఆగిపోతేనే ఉలిక్కిపడి లేస్తాను.

డాక్టరమ్మకి నీ ఉత్తరం చదివి వినిపించాను. ఆవిడ గ్లవుజులు తీసేసి నా ఎదురుగా కూచుంది. తరవాత చెప్పింది: దిగులు వల్ల కేన్సరు పుడుతుందని ఎవరూ తేల్చలేదు. ఉన్నదానికి ఎడతెగని ఒత్తిడి బలమిస్తుందేమో, పాకడానికి దారి చేస్తుందేమో అనే ఎలుకల్లో వెతుకుతున్నాం, మనుషుల్లో "కావచ్చు" దగ్గరే ఉన్నాం. ఒకరి ఉత్తరం ఇంకొకరికి రోగం పెడుతుందని నా పరీక్షలో ఎక్కడా లేదు. "కానీ గడ్డ తగిలాక ఇన్ని నెలలు డాక్టరుకి చూపించకపోవడం ఏం చేస్తుందో చెప్పడానికి ఎలుకలు అక్కర్లేదమ్మా" అంది. ఆవిడ అన్న "కావచ్చు"ని నువ్వు "అయిపోయింది" చేసుకున్నావు. అదే నా కోపం. ఆ కోపం నీ మీదా, అలా రాసి పంపిన నా మీదా.

ఇంకోటి కూడా అంది. ఒక్కదాన్నే డబ్బాలో విడిగా ఉంచితే కూడా కొన్ని ఎలుకలకి గడ్డ ఎక్కువ పెరగడం చూశారట. నలుగురితో ఒకే పొట్టులో ముడుచుకుని పడుకునేవాటి కంటే. మన ఇద్దరినీ ఇన్ని నెలలూ విడివిడి డబ్బాల్లో పెట్టింది నువ్వే.

ఇక నా వంతు. నేనూ దాచాను. మేలో ముందుగా రమ్మన్నది మామూలుకి కాదు. పోయినసారి తీసిన స్కాను మళ్ళీ చూస్తే కోత పక్కన ఒక మచ్చ కనపడిందన్నారు. పాత కుట్టు గట్టిపడిందో, ఇంకేదో తెలియదు. మళ్ళీ స్కాను చేసి చూస్తామన్నారు. నువ్వు భయపడతావని రాయలేదు. చూశావా, నీకు తగ్గ చెల్లెల్నే.

"అక్క" ఎలుక డబ్బా నిన్న ఖాళీగా ఉంది. అరలోంచి దాని చీటీ తీసేశారు. నేను పొట్టు మార్చడానికి డబ్బా చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఎందుకు చెప్తున్నానంటే, చెప్పకపోతే మళ్ళీ దాచినట్టవుతుంది కాబట్టి.

ఇక్కడి పెద్దాస్పత్రిలో నీ పేరు రాయించాను. నా స్కానూ నీ పరీక్షా ఒకే రోజు చేసేలా మాట్లాడాను. వచ్చెయ్. వచ్చే రోజు నువ్వు చెప్పు, రెండూ ఆ రోజుకే రాయిస్తాను. ఈ ఉత్తరానికి జవాబులో నీ భయాలన్నీ రాయాలి, ఒక్కటి దాచినా ఊరుకోను.

చిన్నది

❖

తాళాల షాపు మీది గది
ఆగస్టు

చిన్నదానికి, అక్క రాసేది.

నీ మచ్చ మాట చదివాక నా గుండె ఇప్పటికీ చోటికి రాలేదు. దాచినందుకు నిన్ను ఏమనాలో తెలీదు, అనడానికి నాకు మొహం లేదు. ఎంత ఉందట? నల్లగా ఉందా తెల్లగా ఉందా? ఎక్సరేలో మచ్చ తెల్లగా ఉంటే మంచిదా? మరిదికి నిద్ర పడుతోందా? ఆ ఎలుక డబ్బా వంక ఇక చూడకు. దానికి నా పేరెందుకు పెట్టావే, ఇంకే పేరూ దొరకలేదా?

నా కొడుకు ఆ రోజు మిషను ఆపి పైకి వచ్చాడు. చేతులనిండా ఇత్తడి పొడి. నా ఎదురుగా నేల మీద కూచున్నాడు. "ఊరందరి తాళాలు తీస్తానమ్మా, మా అమ్మ నోటికి పడ్డ తాళం నాకు కనపడలేదు" అన్నాడు. సతాయించడం మానేసిందని సంతోషపడ్డానే అని తల బాదుకున్నాడు. కోడలు లేచి వెళ్ళి గ్యాసు నాబ్ చూసి వచ్చి, "కట్టే ఉంది అత్తయ్యా" అంది. అప్పుడు ఏడుపొచ్చింది నాకు.

ఇక్కడి డాక్టరు దగ్గరికి వెళ్ళాం. చిన్న పిల్లాడు, మీసం కూడా సరిగా లేదు. చేత్తో చూశాడు. చంకలో చూశాడు. మెడ కింద నొక్కి చూశాడు, అక్కడెందుకు నొక్కాడో నాకు తెలీదు, నువ్వు మీ డాక్టరమ్మని అడుగు. "ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారమ్మా" అన్నాడు. మా చెల్లెలికి తిరగబెడుతుందని చెప్పలేదు బాబూ అన్నాను. కలం పక్కన పెట్టి నా మొహం చూశాడు. తరవాత కొడుకుని బయటికి పిలిచాడు. తలుపు అద్దంలోంచి ఇద్దరూ కనపడుతున్నారు. వాడు తలూపుతూనే ఉన్నాడు. వాడు ఎప్పుడూ అంతసేపు ఎవరి మాటా వినడు.

మాత్రలు మొత్తం నేనే మింగుతున్నా, ఇక పంపను.

భయాలు రాయమన్నావు కదా, రాస్తున్నా. రైలు ఎక్కేటప్పుడు చెయ్యి పట్టుకోవడానికి కుడి చెయ్యి పనికిరాదు, ఎడం చెయ్యి పట్టుకుంటే సంచి ఎవరు పట్టుకుంటారు? కొడుకు వస్తే షాపు ఎవరు చూస్తారు? షాపు మూసేస్తే ఎవడి ఇంటి తాళమో పోయి, ఇంట్లో పసిపిల్ల ఉండిపోతే? మీ ఇంటి మెట్లు నిటారుగా ఉంటాయి, ముసలాయన పడ్డవి అవే కదా. ఆస్పత్రిలో నీ కాగితాలు నాకూ నా కాగితాలు నీకూ ఇచ్చేస్తారేమో, పక్కపక్కన కూచుంటే. ఒకరిది మంచి కాగితం వచ్చి ఇంకొకరిది రాకపోతే మనం ఒకరి మొహం ఒకరం ఎలా చూసుకుంటాం? నీకు మంచిది రావాలని అనుకుంటే నాకు చెడ్డది కోరుకున్నట్టా? రెండూ మంచివే రావాలని కోరడం అత్యాశా? రెండూ చెడ్డవైతే మరిది ఒక్కడే ఇద్దరి వెంటా మోకాలితో తిరగగలడా? నీ మచ్చ పాత కుట్టే అయి ఉండాలి. కుట్టు గట్టిపడటం నేను చాలాసార్లు చూశాను, మంచి గుడ్డ మీద కూడా అవుతుంది. నాది కుట్టు కాదని నాకు తెలుసు. అయినా నువ్వు నా పక్కన కూచుంటే వింటాను, వాళ్ళేం చెప్పినా. ఒక్కదాన్ని వినలేను. ఇన్ని నెలలూ విన్నాను కదా ఒక్కదాన్నే, ఇక చాలు.

ఇంకా బోలెడున్నాయి. కాగితం అయిపోయింది. మిగతావి నోటితో చెప్తాను, చెవిలో దూది పెట్టుకోకు.

కొడుకు టిక్కెట్లు తెచ్చాడు. పదమూడో తారీకు మంగళవారం బయల్దేరి బుధవారం పొద్దున దిగుతాం. స్టేషనుకి మరిదిని పంపకు, మోకాలు. నువ్వే రా, తిన్నాక రా, గొడుగు తెచ్చుకో. దిగినవాళ్ళం దిగినట్టే ఆస్పత్రికి పోదాం. నీదీ నాదీ రెండూ ఆ రోజుకే రాయించు. పద్నాలుగు, బుధవారం.

అక్క